78,000 సబ్సిడీ కోసం మూడు కిలోవాట్‌లు పెట్టించుకోవాలా?

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. సొంత డాబా ఇల్లు, కింద నేను, పై అంతస్తు ఖాళీ. కరెంటు వాడకం వేసవిలో నెలకు 400 యూనిట్లు దాటుతుంది, చలికాలంలో 200 దగ్గర ఉంటుంది, ఏడాది మొత్తం చూస్తే సగటున 300 యూనిట్లు. ఈ మధ్య ఒక సోలార్ సంస్థ ప్రతినిధి ఇంటికి వచ్చి, 3 కిలోవాట్‌ల వ్యవస్థకు 2,05,000 రూపాయలు అవుతుందనీ, కేంద్రం ఇచ్చే 78,000 సబ్సిడీని ముందుగానే తగ్గించి 1,27,000 మాత్రమే తీసుకుంటామనీ, బ్యాటరీకి కూడా సబ్సిడీ ఉందనీ, ఇక మీదట కరెంటు కోతలు ఉండవనీ, బిల్లు సున్నా వస్తుందనీ చెప్పారు. ఈ నెలతో పథకం ముగిసిపోతుందని తొందర పెడుతున్నారు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి మాత్రం అక్కడి ప్రభుత్వం బ్యాటరీలకే రాయితీ ఇస్తున్నదనీ, బ్యాటరీ లేకుండా సోలార్ దండగనీ అంటోంది. మీటరు ఇప్పటికీ స్వర్గస్థులైన మా వారి పేరు మీదే ఉంది. నన్ను ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: టీచర్ గారికి నమస్కారం. మీ ఇంటికి సోలార్ తప్పకుండా పెట్టించుకోదగినదే. అయితే ఆ ప్రతినిధి చెప్పిన మాటల్లో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, రెండు మాత్రం పూర్తిగా తప్పు. సబ్సిడీ గరిష్ఠంగా ఎంత వస్తుందో చూసుకొని దానికి తగ్గట్టుగా సోలార్ పరిమాణాన్ని ఎంచుకోవడం ఈ రోజుల్లో చాలామంది చేస్తున్న పని. మీరు మాత్రం ముందు మీ బిల్లును ఎదురుగా పెట్టుకొని లెక్క మొదలుపెట్టండి. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీకు వర్తించే పథకం పేరు పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకానికి కేంద్ర మంత్రివర్గం 75,021 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. కోటి ఇళ్ల పైకప్పుల మీద సోలార్ ఏర్పాటు చేయడం లక్ష్యం, కాలపరిమితి 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. కాబట్టి ఈ నెలతో ముగిసిపోతుందన్న మాట అమ్మకం కోసం చెప్పినది. సబ్సిడీ మొదటి 2 కిలోవాట్‌లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 చొప్పున లభిస్తుంది. అంటే 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్‌లకు 60,000, 3 కిలోవాట్‌లకు 78,000. అక్కడితో ఆగిపోతుంది, 5 కిలోవాట్‌లు పెట్టినా 10 కిలోవాట్‌లు పెట్టినా వచ్చేది అదే 78,000. మూడో కిలోవాట్‌కు సబ్సిడీ తగ్గడానికి కారణం ఉంది. ప్రభుత్వం తాను ప్రామాణికంగా తీసుకున్న ధరలో మొదటి 2 కిలోవాట్‌లకు 60 శాతం, ఆ పైన కిలోవాట్‌కు 40 శాతం భరిస్తోంది. చిన్న వాడకందారుకు ఎక్కువ సాయం అందాలన్నది అందులోని ఉద్దేశం.

ఇప్పుడు మీ బిల్లు సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆ పైన 9.75 చొప్పున వేస్తున్నారు. దీని ప్రకారం 300 యూనిట్లకు కేవలం విద్యుత్ ఛార్జీ 1,673 రూపాయలు అవుతుంది. స్థిర ఛార్జీలు, సుంకం, బిల్లులో మనందరినీ విసిగించే ఇంధన సర్దుబాటు వంటివి దీనికి అదనం. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్ల నుంచి ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి. 2 కిలోవాట్‌లు పెడితే నెలకు 240 యూనిట్లు వస్తాయి కనుక మీరు డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) నుంచి నికరంగా కొనేది 60 యూనిట్లు మాత్రమే. ఆ 60 యూనిట్లూ అడుగున ఉన్న చౌక శ్లాబుల్లోవి కాబట్టి వాటి ఖరీదు 147 రూపాయలు. అంటే మొదటి 2 కిలోవాట్‌లు మీకు నెలకు 1,526 రూపాయలు మిగులుస్తాయి. మూడో కిలోవాట్ వచ్చి ఆదా చేసేది ఆ మిగిలిన 147 రూపాయలను మాత్రమే.

అదే ధరల తీరులో 2 కిలోవాట్‌ల వ్యవస్థ 1,40,000 రూపాయల దగ్గర దొరుకుతుందనుకుంటే, 60,000 సబ్సిడీ పోగా మీకు పడే ఖర్చు 80,000. ఏడాదికి 18,000 పైచిలుకు ఆదా అవుతుంది కాబట్టి నాలుగున్నర సంవత్సరాలలోపే ఆ సొమ్ము తిరిగి వచ్చేస్తుంది. మూడో కిలోవాట్ కోసం మీరు అదనంగా పెట్టేది 65,000, అందులో సబ్సిడీ 18,000 పోగా 47,000. దాని వల్ల బిల్లులో తగ్గేది ఏడాదికి 1,764 రూపాయలు. నెలకు మరో 60 యూనిట్లు మిగిలి గ్రిడ్‌కు, అంటే డిస్కమ్ లైన్లలోకి పోతాయి, వాటికి డిస్కమ్ ఇచ్చే ధర యూనిట్‌కు మూడు రూపాయలు వేసుకున్నా మొత్తం కలిపి ఏడాదికి నాలుగు వేలు దాటదు. 47,000 తిరిగి రావడానికి సుమారు పన్నెండేళ్లు పడుతుంది. సబ్సిడీ పూర్తిగా వాడుకోవాలన్న ఆరాటం తప్ప ఈ మూడో కిలోవాట్‌కు మీ ప్రస్తుత వాడకంలో గట్టి కారణం నాకు కనిపించడం లేదు.

అయితే మీ పై అంతస్తు ఖాళీగా ఉందన్నారు. అమ్మాయి కుటుంబం తిరిగి వచ్చి అందులో ఉండే అవకాశం ఉన్నా, రెండో ఏసీ గానీ విద్యుత్ స్కూటర్ గానీ ఒకటి రెండేళ్లలో రాబోతున్నా లెక్క మారిపోతుంది. వాడకం సగటున 400 యూనిట్లకు చేరితే, 2 కిలోవాట్‌లు ఉన్న ఇంట్లో ఇంకా 160 యూనిట్లు కొనవలసి ఉంటుంది, వాటికి 627 రూపాయలు అవుతాయి. అదే 3 కిలోవాట్‌లు ఉంటే 40 యూనిట్లకు 87 రూపాయలతో సరిపోతుంది. అప్పుడు మూడో కిలోవాట్ నెలకు 540 రూపాయలు మిగిల్చి, ఏడేళ్లకు కాస్త అటూ ఇటూగా తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. ఒకవేళ ఆ అంతస్తును అద్దెకిచ్చి, అద్దెదారు కోసం వేరే మీటరు పెట్టించే ఉద్దేశం ఉంటే మాత్రం ఆ వాడకాన్ని ఈ లెక్కలో కలపకూడదు, ఎందుకంటే మీ మీటరుకు జతచేసిన సోలార్ మీ మీటరు బిల్లునే తగ్గిస్తుంది. ఏ పరిమాణం కావాలన్నది మీ ఇంటి భవిష్యత్తును బట్టి మీరు తేల్చుకోవలసిన విషయం, ప్రతినిధి చెప్పవలసినది కాదు.

ఇక బ్యాటరీ. పీఎం సూర్యఘర్ కింద బ్యాటరీకి సబ్సిడీ లేదు. హైబ్రిడ్ ఇన్వర్టర్‌తో (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చడంతో పాటు బ్యాటరీని కూడా నడిపేది), బ్యాటరీతో కలిపి వ్యవస్థను పెట్టించుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, డబ్బు వచ్చేది సోలార్ సామర్థ్యానికి మాత్రమే, బ్యాటరీ ఖర్చు పూర్తిగా మీదే. ఇది ఆయన చెప్పిన మొదటి తప్పు. మీ అమ్మాయి చెప్పినది మాత్రం ఆమె ఉంటున్న దేశానికి అక్షరాలా నిజం. ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం 2025 జులై 1 నుంచి ఇళ్లలో పెట్టుకునే బ్యాటరీల ధరను సుమారు 30 శాతం తగ్గించే పథకాన్ని అమలు చేస్తోంది. అక్కడ అది ఎందుకు అవసరమైందో గమనిస్తే ఇక్కడ ఎందుకు అంత అవసరం లేదో అర్థమవుతుంది. అక్కడ లక్షల ఇళ్ల మీద ఏళ్ల క్రితమే ప్యానెళ్లు వచ్చేశాయి, మధ్యాహ్నం పూట అందరి కరెంటూ ఒకేసారి గ్రిడ్ మీదికి వచ్చి పడుతోంది. అందువల్ల ఇంటివారు పంపే యూనిట్‌కు చెల్లించే ధర కొద్ది సెంట్లకో అంతకన్నా తక్కువకో పడిపోయింది. అదే ఇంటివారు సాయంత్రం కొనే యూనిట్‌కు 25, 30 సెంట్లు చెల్లిస్తున్నారు. పగటి కరెంటును ఇంట్లోనే దాచుకొని రాత్రి వాడుకుంటే ఆ తేడా అంతా మిగులుతుంది కనుక వాళ్లకు బ్యాటరీ గిట్టుబాటవుతుంది.

మనకు ఇక్కడ ఉన్నది నెట్ మీటరింగ్. మీరు పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్‌ను రాత్రి మీరు తీసుకున్న యూనిట్‌లో నుంచి యూనిట్‌కు యూనిట్‌గా తీసివేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు మీరు బడి పాత విద్యార్థులను చూడడానికి వెళ్లి ఇంట్లో ఫ్యాను కూడా తిరగకపోయినా, ఆ వేళ పుట్టిన కరెంటు వృథా కాదు, రాత్రి ఏసీ వేసుకున్నప్పుడు అదే లెక్కలోకి వస్తుంది. ఒక నెలలో మిగిలినవి తరువాతి నెలల బిల్లులో సర్దుబాటవుతాయి, లెక్క తేల్చే గడువు నాటికి ఇంకా మిగిలితే వాటికి తక్కువ ధర చెల్లిస్తారు. దాచిపెట్టే పనిని డిస్కమే ఉచితంగా చేసిపెడుతున్నప్పుడు, హైబ్రిడ్ ఇన్వర్టరూ 5 యూనిట్ల లిథియం బ్యాటరీ కలిపి లక్ష రూపాయల పైన అదనంగా ఖర్చు పెడితే బిల్లులో అదనంగా తగ్గేది ఏమీ ఉండదు. ఛార్జింగులో కొంత నష్టపోవడం వల్ల కొన్ని యూనిట్లు తగ్గుతాయి కూడా. నెట్ మీటరింగ్ నిబంధనలు ఎప్పటికైనా మారితే బ్యాటరీ లెక్క కూడా మారుతుంది, అప్పుడు కొనుక్కోవచ్చు.

మరి కోతల మాటేమిటని మీరు అడుగుతారు. ఆయన చెప్పిన రెండో తప్పు ఇక్కడే ఉంది, దీనివల్ల మోసపోయామని బాధపడేవారు చాలామంది ఉన్నారు. సబ్సిడీ మీద సాధారణంగా బిగించే, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌తో కలిసి మాత్రమే పనిచేసే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, వీధిలో కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. మండుటెండలో, ప్యానెళ్ల మీద సూర్యుడు నిండుగా పడుతున్నప్పుడు కూడా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లైన్‌మన్ స్విచ్ తీసి, లైనులో కరెంటు లేదనుకొని స్తంభం ఎక్కి తీగ పట్టుకున్నప్పుడు, మీ డాబా మీది నుంచి కరెంటు ఎదురు ప్రవహిస్తే ఆయన ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ సరఫరా లేనప్పుడు ఇన్వర్టర్ ఆగి తీరాలన్నది నియమం.

తెనాలిలో కోత అంటే గంటో రెండు గంటలో అయితే, దానికి మీ ఇంట్లో ఇప్పటికే ఉండే అవకాశం ఉన్న మామూలు ఇన్వర్టరూ ట్యూబులర్ బ్యాటరీ చాలు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటే రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై పెట్టె నాలుగైదు గంటలు నడుస్తాయి. దానిని ఛార్జి చేసే కరెంటు కూడా మీ సోలార్ లెక్కలో నుంచే తీసివేతకు వస్తుంది కాబట్టి వేరే భారం లేదు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వంటి వైద్య పరికరం నడవవలసి ఉంటేనో, తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు రాదని భయం ఉంటేనో హైబ్రిడ్ వ్యవస్థ గురించి ఆలోచించవచ్చు. అప్పుడు దానిని సౌకర్యానికి పెట్టే ఖర్చుగా చూడండి, ఆదాగా చూడకండి.

బిల్లు సున్నా వస్తుందన్న మాట గురించి ఒక్క వాక్యం చాలు: యూనిట్ల ఛార్జీ సున్నా కావచ్చు గానీ స్థిర ఛార్జీలు, వినియోగదారు ఛార్జీలు ప్రతి నెలా వస్తూనే ఉంటాయి.

సబ్సిడీని ముందుగా తగ్గించి తీసుకుంటామన్న మాటను జాగ్రత్తగా పరిశీలించాలి. మామూలు పద్ధతిలో ప్రభుత్వం సబ్సిడీని సంస్థకు ఇవ్వదు. మీరు జాతీయ పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో దరఖాస్తు చేసుకొని, అందులో నమోదైన సంస్థల్లో ఒకదానిని ఎంచుకొని, వ్యవస్థ పెట్టించుకొని, నెట్ మీటరు బిగించి డిస్కమ్ అధికారులు తనిఖీ చేసిన తరువాత బ్యాంకు వివరాలు ఇస్తే, సబ్సిడీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. 10 కిలోవాట్‌ల వరకు సాంకేతిక అనుమతి కోసం ఎదురుచూడనవసరం లేకుండా 2024లో నిబంధనలు మార్చారు కనుక ఈ దశ ఇప్పుడు వేగంగానే నడుస్తోంది. సంస్థవారు ముందే తగ్గించారంటే, రేపు మీ ఖాతాలో పడే 78,000ను తాము తీసుకోవడానికి ఏదో ఒక హామీ మీ నుంచి తీసుకుంటారు. తేదీ వేయని చెక్కు, ఖాళీ పత్రం మీద సంతకం, ఫోనుకు వచ్చే ఓటీపీ, ఇలాంటివి ఏవీ ఇవ్వకండి. పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు, ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. ధర మొత్తం 2,05,000 అనుకుంటే, కొంత ముందుగా, సామాను ఇంటికి చేరినప్పుడు ఎక్కువ భాగం ఇచ్చి, కనీసం పది శాతాన్ని నెట్ మీటరు తిరిగేవరకు ఆపుకోండి. ఆ ఆపుకొన్న సొమ్ము కోసమే వాళ్లు డిస్కమ్ కార్యాలయం చుట్టూ తిరుగుతారు.

ఆయన రాసి ఇచ్చే కొటేషన్‌లో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. మొదటిది ప్యానెళ్లు. సబ్సిడీ రావాలంటే సెల్లూ (ప్యానెల్‌లో కరెంటు పుట్టించే చిన్న పలక) ప్యానెలూ రెండూ మన దేశంలోనే తయారై ఉండాలి, వ్యాపారులు వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. విదేశీ సెల్లుతో చేసిన ప్యానెల్ చౌకగా వస్తుంది, చూడడానికి తేడా తెలియదు, కానీ దానికి సబ్సిడీ రాదు. ప్రతి ప్యానెల్ వెనుక సీరియల్ నంబరు స్టిక్కరు ఉంటుంది. స్టాండు మీదికి ఎక్కించాక వెనక్కి వంగి చదవడం కష్టం కాబట్టి, ప్యానెళ్లు కింద గోడకు ఆనించి ఉన్నప్పుడే మీ ఫోనుతో ఒక్కొక్క నంబరునూ ఫోటో తీసి ఉంచుకోండి. 540 వాట్ల ప్యానెళ్లయితే 2 కిలోవాట్‌లకు నాలుగు, 3 కిలోవాట్‌లకు ఆరు వస్తాయి. ఒక్కొక్కటి ఏడున్నర అడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది.

రెండోది ఇన్వర్టర్. ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే సబ్సిడీ లెక్కిస్తారు. అందుచేత 3 కిలోవాట్‌ల ఇన్వర్టర్ పెట్టి నాలుగు ప్యానెళ్లు బిగిస్తే 78,000 రాదు. ముందు ముందు పెంచుకునే ఉద్దేశంతో పెద్ద ఇన్వర్టర్ పెట్టించుకోవడం మంచి ఆలోచనే గానీ, అప్పుడు వచ్చేది 2 కిలోవాట్‌ల సబ్సిడీయేనని తెలిసే చేయండి. మూడోది స్టాండు. మీ ప్రాంతం సముద్రానికి దగ్గర, తుపాన్ల దారిలో ఉంది. వేడి జింకు పూత వేసిన ఇనుప స్టాండును స్లాబులోకి గట్టిగా బిగించాలి, బిగించిన చోట్ల నీరు దిగకుండా సీలు వేయించాలి. కింద బట్టలు ఆరేసుకోవడానికి వీలుగా తలెత్తుకొని నడిచేంత ఎత్తు స్టాండు కావాలంటే దానికి అదనపు ఖర్చు అవుతుంది, ఆ అదనానికి సబ్సిడీ లేదు. ఎర్తింగు కోసం మెరుపు నిరోధకానికి, ఇంటి వైపు ఏసీ కరెంటుకు, ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకు వేరువేరుగా మూడు గుంతలు తవ్వాలి. ఒకే గుంతలో మూడూ కలిపేస్తామంటే ఒప్పుకోకండి.

నీడ సంగతి మీరే గమనించవచ్చు. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎక్కడ పడుతున్నాయో సుద్దతో గీసి పెట్టుకోండి. ప్యానెళ్లు ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి కనుక ఒక ప్యానెల్ మూలన పడిన నీడ మిగిలిన వాటి ఉత్పత్తిని కూడా దెబ్బ తీస్తుంది. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, ప్యానెళ్లు దక్షిణానికి కొద్దిగా వాలి ఉండాలి. బోరు నీటితో కడిగితే ఉప్పు మరకలు అద్దం మీద పేరుకుంటాయి, మునిసిపల్ కుళాయి నీటితో తెల్లవారుజామున, ప్యానెల్ వేడెక్కకముందే కడిగించండి.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని మీరు ఉత్తరం చివరలో ప్రస్తావించినది, మీటరు పేరు. సర్వీసు మీ వారి పేరు మీద ఉండగా ఆధార్, బ్యాంకు ఖాతా మీ పేరు మీద ఉంటే దరఖాస్తు మధ్యలో ఆగిపోతుంది. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, పిల్లల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం సిద్ధం చేసుకొని మీ ప్రాంతపు డిస్కమ్ అయిన ఏపీసీపీడీసీఎల్ కార్యాలయంలో గానీ మీసేవలో గానీ పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. అమ్మాయి విదేశంలో ఉంది కాబట్టి ఆమె సంతకం తెప్పించుకోవడానికి సమయం పట్టవచ్చు, ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. మార్పు చేయించేటప్పుడు పేరు ఎలా రాస్తున్నారో దగ్గరుండి చూడండి. మన ఇళ్లలో కరెంటు బిల్లు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకో తీరున ఉంటుంది. సబ్సిడీ ఆగిపోవడానికి ఈ అక్షరాల తేడా ఒక మామూలు కారణం. మూడు చోట్లా ఒకే తీరుగా ఉండేలా ఇప్పుడే సరిచేయించుకుంటే తరువాత తిరగనవసరం ఉండదు. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ సర్వీసుకు మంజూరైన సామర్థ్యం) ఎంత ఉందో కూడా అప్పుడే చూసుకోండి, పాత ఇళ్లకు ఒక కిలోవాట్ మాత్రమే ఉండవచ్చు, సోలార్ సామర్థ్యానికి తగ్గట్టు దానిని పెంచుతారు, స్థిర ఛార్జీ కొద్దిగా పెరుగుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి అన్న ప్రశ్న మీరు అడగలేదు, అయినా చెబుతాను. 3 కిలోవాట్‌ల వరకు 2 లక్షల రూపాయల దాకా ప్రభుత్వ రంగ బ్యాంకులు తనఖా లేకుండా రుణం ఇస్తున్నాయి, వడ్డీ రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పు ఇచ్చే వడ్డీ రేటు) అర శాతం కలిపినంత, మామూలు వ్యక్తిగత రుణం కంటే చాలా తక్కువ. మీ దగ్గర డిపాజిట్లు ఉంటే రుణం అవసరం లేదు. 80,000 రూపాయలు డిపాజిట్‌లో ఉంటే ఏడు శాతం చొప్పున ఏడాదికి 5,600 వడ్డీ వస్తుంది, అదే సొమ్ము 2 కిలోవాట్‌ల ప్యానెళ్ల మీద పెడితే 18,000 బిల్లు తగ్గుతుంది. డిపాజిట్‌లో అసలు చెక్కుచెదరకుండా ఉంటుంది, ప్యానెళ్లు పాతబడతాయి, ఇన్వర్టర్‌ను పదేళ్ల చుట్టూ ఒకసారి మార్చవలసి రావచ్చు. అదంతా కలుపుకొన్నా ప్యానెళ్లదే పైచేయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, మీకిచ్చిన కొటేషన్‌లో పాత పన్ను వేసి ఉందేమో ఒకసారి చూడండి.

రాష్ట్ర ప్రభుత్వం వైపు నుంచి కూడా కొంత ఉంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్‌ల వరకు ఉచితంగా ఏర్పాటు చేసే కార్యక్రమం నడుస్తోంది. బీసీ కుటుంబాలకు కేంద్రం ఇచ్చే 60,000కు తోడు రాష్ట్రం 2 కిలోవాట్‌లకు 20,000 వరకు అదనంగా ఇస్తోంది. మీరు వాటిలో దేనికైనా అర్హులైతే దరఖాస్తు చేసేటప్పుడే ఆ సంగతి డిస్కమ్ కార్యాలయంలో చెప్పండి. తెలంగాణలోని పాఠకులు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు వేరుగా ఉంటుంది. అక్కడ గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికి సోలార్ మీద పెట్టుబడి పెట్టడంలో కలిసివచ్చేది పెద్దగా లేదు.

వ్యవస్థ నడవడం మొదలయ్యాక మొదటి రెండు బిల్లులు శ్రద్ధగా చదవండి. నెట్ మీటరు తెర మీద మీరు తీసుకున్న యూనిట్లు, మీరు పంపిన యూనిట్లు విడివిడిగా కనిపిస్తాయి. నెల మొదటి రోజున ఆ రెండు అంకెలనూ ఇన్వర్టర్ యాప్‌లో చూపించిన ఉత్పత్తినీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, బిల్లులో ఎక్స్‌పోర్ట్ (మీరు పంపిన) యూనిట్లు పడకపోయినా, పాత మీటరు రీడింగుతోనే బిల్లు వచ్చినా వెంటనే తెలుస్తుంది. అలా జరిగితే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఉత్పత్తి బాగా పడిపోతే అది సంస్థ చూసుకోవలసిన విషయం, ఈ పథకం కింద ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వాళ్లదే. ఆ మాట ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకున్నాకే సంతకం చేయండి.